పూతయు పగులును

మా యింట 2013వ సంవత్సరమునుండి ఒక కారు కలదు. దాని చక్రములు ఇనుపరేకుతో చేసినవి కావు; అల్యూమినియములో నూటికి సుమారు ఏడుపాళ్లు సిలికానును, రవంత మెగ్నీషియమును చేర్చి పోత పోసినవి. ‘అల్లాయి చక్రము’లని వీనికి వాడుక పేరు. కొన్ననాడు అవి విబూదితో తుడిచిన వెండికంచములవలె మెఱయుచుండెను. నేడు వాని అంచులు కాలిబాటల గట్టురాళ్లకు ఒరసికొని గఱకుదేఱినవి. ఆకుల సందులలో బ్రేకులనుండి రాలిన యినుపరజము నల్లగా పేరుకొన్నది. పైనున్న పలుచని పారదర్శకపు పూత అక్కడక్కడ లేచి, దాని క్రింద తెల్లని పురుగులు ప్రాకిన జాడలవంటి చాఱలు కనబడుచున్నవి. కారును అమ్మివేయుటకు నిశ్చయించితిమి. అమ్ముటకు ముందు చక్రములను బాగుచేయింపవలెనని యింటివారందఱు కూడబలుకుకొని నాకు ఆజ్ఞాపించిరి. ఏ విధమున బాగుచేయింపవలెనను ఈ చిన్న ప్రశ్న నన్ను ఒక మాసము వేధించి, మఱచితినని నేను తృప్తిపడుచున్న పాత తప్పు నొకదానిని త్రవ్వి పైకి తీసినది. అందువలననే దీనిని గూర్చి వ్రాయుచున్నాను.

చక్రమునకు రంగు వేయుటలో ధర్మవిచారమేమి కలదని నవ్వువారుందురు. వారిని తమ తమ వంటయిండ్లలోనికి ఒక్కసారి తొంగి చూడుమని వేడుచున్నాను. మన తల్లులు కుండ కొనునపుడు దాని నునుపును చూచి కొనలేదు; వ్రేలిగణుపుతో కొట్టి మ్రోగించి కొనిరి. కంగుమన్న కుండ ఇంటికి వచ్చెను; బొంగురుపలికిన కుండ కుమ్మరియొద్దనే నిలిచెను. ఇత్తడిగిన్నెలకు అప్పుడప్పుడు కళాయి వేయించిరి. వీథిలో కొలిమి పెట్టుకొని, కాగిన గిన్నెలో నవాసారము చల్లి, తగరమును గుడ్డతో గుండ్రముగ పులుము కళాయివానిచుట్టు మూగి నిలువని బాల్యము మా తరమున లేదు. కళాయియు పూతయే. కాని ఆ పూత గిన్నెలోని పులుసు చిలుమెక్కి విషము కాకుండ కాపాడును. గిన్నెకు చిల్లిపడియున్నచో నమ్మకమైన కళాయివాడు దానిపై తగరము పులిమి యిచ్చెడివాడు కాడు. మాటు వేయవలెనని చెప్పి, మాటునకు వేఱుగ కూలి అడిగెడివాడు. ఆ మాటు గిన్నె యున్నంతకాలము గిన్నెపై కనబడుచునే యుండెను; దానివలన ఎవ్వరును సిగ్గుపడలేదు. ఇత్తడినగకు బంగారపు గిల్టు వేయుటయు పూతయే. గిల్టు అని చెప్పి అమ్మినంతవఱకు అదియు తప్పుకాదు. కాబట్టి పూత మంచిదా చెడ్డదా అని వాదించుటవలన ఫలములేదు. ఈ పూత దేనిని కాపాడుచున్నది, దేనిని కప్పుచున్నది, ఎవనినుండి కప్పుచున్నది అని అడుగవలెను.

దుకాణములన్నియు తిరిగి చూడగా నాకు ముఖ్యముగ మూడు దారులు కనబడినవి. మొదటిది మామూలు రంగు. అంచులలోని గీతలను అరగదీసి, లోతైన చోట లప్పము పెట్టి, గాలియంత్రముతో రంగు చిమ్మి, పైన పారదర్శకపు పూత వేయుదురు. ఇది చవుక, త్వరగా పోవును.

రెండవది పొడిపూత. టైరును, గాలి కవాటమును విప్పి, పాతపూతనంతయు లోహము బయటపడువఱకు తొలగింతురు. పిమ్మట పొడిరంగునకు విద్యుదావేశమునిచ్చి చల్లగా, అది చక్రమునకు తనంతట అంటుకొనును. దానిని 180 మొదలు 200 డిగ్రీల సెంటిగ్రేడువఱకు వేడిగల పొయ్యిలో పది యిరువది నిమిషములుంచినచో పొడి కరగి ఒక్కటే చర్మముగ బిగిసికొనును. ఇది గట్టిది. చిన్నరాయి తగిలినను సులభముగ లేవదు.

మూడవది నేటి యువకులు మిక్కిలి కోరునది. ‘డైమండు కట్’ అని పేరు. చక్రమును లేతుయంత్రమునకు బిగించి, వజ్రపుమొన గల యులితో దాని ముఖమును పలుచగ చెక్కివేయుదురు. అపుడు లోహమే అద్దమువలె మెఱయును. ఆ మెఱుపు మాసిపోకుండ దానిపై పారదర్శకపు పూత వేయుదురు. చూచుటకు ఇంతకంటె అందమైనది లేదు. కాని ఒక చిన్నరాయి తగిలి ఆ పూత పెచ్చులేచినచో, ఆ సందున నీరు దూరి, క్రింది లోహమును తెల్లగా తినివేయును. మా చక్రములపై కనబడిన పురుగుజాడలు ఇట్టివే. మరల చెక్కింపవలెను. చెక్కినప్పుడెల్ల చక్రము కొంత పలుచనగును; కొన్నిసార్లయిన పిమ్మట చెక్కుటకు మిగిలియుండదు. ఈ అందమునకు వెల మన సంచినుండియే గాక చక్రపు శరీరమునుండియు చెల్లుచున్నది. ప్రతి పండుగకును ఇంటిగోడలోని ఇటుకను గీకి నున్నచేయు గృహస్థుని మన మేమందుము? అయినను మా చిన్నవాడు దీనినే కోరెను. వానిని నేను నిందింపను; ఆ వయస్సున నాకు స్కూటరు అద్దముల మీది వ్యామోహము దీనికంటె తక్కువది కాదు.

నిరాడంబరమును వ్రతముగ పట్టిన మిత్రుడొకడు నాకు కలడు. అతడు, “గీతలున్న నేమి? చక్రము తిరుగుటకుగాని చూచుకొనుటకా? ఉన్నదున్నట్లు వదలుము” అనెను. ఈ మాట వినుటకు ఇంపుగ నుండునుగాని పూర్తిగ నిజముకాదు. అల్యూమినియము గాలి తగిలినంతనే తన చుట్టు ఒక పలుచని కవచమును తానే కట్టుకొనును. అది దాని సహజగుణము. కాని సముద్రపుగాలిలోని ఉప్పును, చక్రములు కడుగుటకు కొందఱు వాడు ఆమ్లమును ఆ కవచమును తినివేయును. టైరు చక్రమునకు ఆనుకొను గాడిలో లోహము పుచ్చినచో గాలి నిలువదు. ఒంటిమీది పుండునకు మందు వేయనివానిని వైరాగ్యపరుడని మనమనము. ఉపేక్షను సద్గుణముగ ఎంచుట మనలో చాలమందికి సులభమైన పని. ఖర్చు కూడ లేదు.

ఇంతవఱకు మా విచారమంతయు చక్రముల వెలిముఖమును గూర్చియే. ఎడమవైపు ముందుచక్రమున మాత్రము వారమునకొకసారి గాలి తగ్గుచుండెను. పంక్చరు దుకాణమువాడు టైరును నీళ్లతొట్టిలో ముంచి రెండుమాఱులు చూచి, మేకు లేదు, ముల్లు లేదనెను. చక్రములను మొదట తీసికొనిపోయిన దుకాణమున టైరు విప్పినపుడు కారణము బయటపడినది. లోపలి అంచున, కారు క్రింద దూరి చూచినగాని కనబడని తావున, వెండ్రుకవంటి గీత యొకటి. ఎన్నడో ఏ గోతిలోనో దిగి రాతికి మోదుకొన్నప్పటి దెబ్బ. నేను తడవి చూచితిని. గోరు కొంచెము పట్టినది.

దుకాణపు యువకుడు నెమ్మదస్థుడు. “బాబాయిగారూ, భయం లేదండి. సన్నగా వెల్డింగు పెట్టి, అరగదీసి, లప్పం పూసి రంగు కొడితే ఇంక ఆ బ్రహ్మక్కూడా కనబడదు. ఎలాగూ అమ్మేస్తున్నారు గదా” అనెను.

అతడు నన్ను మోసగింపలేదని చదువరులు గమనింపవలెను. నాకు నిజమును పూర్తిగ చెప్పినాడు. ఆ నిజము నావఱకు వచ్చి ఆగిపోవలెనని మాత్రమే అతని సలహా. ‘ఎలాగూ అమ్మేస్తున్నారు గదా’ అను నా చిన్నమాటలో ఎంత పెద్ద సిద్ధాంతము దాగియున్నది! వస్తువుతో నా అవసరము తీరినది, కావున దాని మేలుకీడులతోను నా సంబంధము తీరినది అని దాని అర్థము. ఇల్లు అమ్మువారు, ఆవు నమ్మువారు, సంబంధము కుదుర్చువారు మనలో నిత్యము పలుకు మాట యిదియే. చక్రము దగ్గఱ విన్నప్పుడు నాకు క్రొత్తగ వినబడినది. మఱియొక వింత చూడుడు. మమ్ము దుకాణమునకు నడిపించినవి వెలిముఖముపై గీతలు. వానివలన ఏ ప్రాణికిని హాని లేదు. హాని చేయగల పగులు లోపలి ప్రక్కన ఎవరి కంటికిని ఆనక కూర్చున్నది. గీతలు లేకయున్నచో పగులు తెలిసెడిదియే కాదు.

ఆ పగులును అతుకరాదా? అని అడుగవచ్చును. అతుకవచ్చును, అతికినట్లు కనబడును. కాని యీ చక్రములకు బలము పోతవలన మాత్రమే రాలేదు. పోసిన పిమ్మట వానిని 540 డిగ్రీల దరిదాపుల కొన్ని గంటలు కాచి, చప్పున నీట చల్లార్చి, మరల 150 డిగ్రీలకు పైబడిన మందవేడిలో కొన్ని గంటలు నాననిత్తురు. ఈ తపస్సుచేతనే లోహములోని మెగ్నీషియము, సిలికాను కలిసి కంటికి కనబడని సన్నని రేణువులుగ కుదురుకొని బిగువునిచ్చును. అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. అతుకు పెట్టునపుడు ఆ చోటును కరగించుటయే గాక, చుట్టుప్రక్కల లోహపు బిగువును సడలింతురు. అతుకు నిలిచినను దాని ప్రక్క మెత్తబడును. పిదప పగులు అక్కడనుండి బయలుదేఱును. అందుచేత చక్రములు చేయు సంస్థలు పగిలినదానిని అతుకవలదనియే సామాన్యముగ చెప్పుచున్నవి. పొడిపూతను కూడ మితిమీరిన వేడిలో, పలుమాఱులు కాల్చరాదనుట ఈ కారణముచేతనే.

క్రొత్త చక్రముల నమూనాలను అమ్మకమునకు ముందు ఎట్లు శోధింతురో కొంచెము చెప్పెదను. చక్రమును 13 డిగ్రీల వాలులో నిలిపి, టైరు తొడిగి, దాని అంచుపై పెద్ద బరువును జారవిడుతురు. గట్టురాతిని గుద్దుకొనుటకు ఇది బదులు. మఱియొకచోట చక్రమును లక్షలకొలది చుట్లు వంచుచు త్రిప్పుదురు. అంతర్జాతీయ ప్రమాణములలో ఈ రెండింటికిని సంఖ్యలు కలవు: అభిఘాతమునకు ఐఎస్‌ఓ 7141, అలసటకు ఐఎస్‌ఓ 3006. వీథిదుకాణమున అతికిన చక్రమునకు ఈ పరీక్ష ఎవ్వరును చేయరు. ఆ పరీక్ష కొన్నవాడు చేయును; దారిలో, తనకు తెలియకుండ, భార్యాబిడ్డలతో.

ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో చూతమని తోచినది. మన 1872వ సంవత్సరపు కాంట్రాక్టుల చట్టమున, మోసమును నిర్వచించు 17వ సెక్షను క్రింద చక్కని దృష్టాంతములున్నవి. ఒకడు మఱియొకనికి వేలములో గుఱ్ఱము నమ్మెను. అది రోగిష్ఠిదని అమ్మువానికి తెలియును, కాని చెప్పలేదు. ఇది మోసము కాదని చట్టము చెప్పుచున్నది. వెంటనే రెండవ దృష్టాంతము: కొనునది అమ్మువాని కూతురు, అప్పుడే యుక్తవయస్సు వచ్చినది. అపుడు గుఱ్ఱపు దోషమును చెప్పుట తండ్రికి విధియగును. మూడవది: “కాదనకుంటివేని గుఱ్ఱము మంచిదే యనుకొందును” అని కొనువాడు పలుకగా అమ్మువాడు మిన్నకుండెను. ఆ మౌనము మాటతో సమానము.

ఈ దృష్టాంతములను నేను పలుమాఱులు చదివితిని. రెండవదానివద్ద ప్రతిసారియు ఆగితిని. కూతురికి చెప్పవలెనట, పరునికి నక్కఱలేదట! పరుని కూతురు ఆ గుఱ్ఱముమీదనుండి పడినచో ఎముకలు విఱుగవా? చట్టము కనీసధర్మమును మాత్రమే చెప్పును, మిగిలినది మనకు వదలును అని న్యాయవాదులు సమాధానము చెప్పుదురు, అది సరియే. అయితే అదే సెక్షనులో మఱియొక మాట కలదు. తెలిసిన సంగతిని పూనికతో మఱుగుపఱచుట మోసమే. ఊరకుండుట వేఱు, కప్పుట వేఱు. పగిలిన చక్రమును చూపి నోరు మెదపనివాడు చట్టమునకు దొరకకపోవచ్చును. దానిపై లప్పము పూసినవాడు నోటితో ఒక్క మాటయు పలుకకయే అబద్ధము చెప్పినవాడగుచున్నాడు.

ఇది క్రొత్త వివాదము కాదు. క్రీస్తునకు పూర్వము 44వ సంవత్సరమున రోమీయుడైన సిసిరో, ధర్మములను గూర్చి తాను వ్రాసిన గ్రంథపు మూడవ భాగమున, ఇల్లు అమ్మువాని సమస్యను ఎత్తికొనెను. ఆ యింట పాములు తిరుగును, కలప పుచ్చినది. యజమానికి తప్ప ఎవ్వరికిని తెలియదు. చెప్పవలెనా? డయోజనీసు అను తత్త్వవేత్త అక్కఱలేదనెను: ఎవ్వరును నిన్ను బలవంతముగ కొనుమనలేదు, నాకు నచ్చని యింటిని అమ్ముచున్నాను, నీకు నచ్చినది కొనుచున్నావు. అతని శిష్యుడగు ఆంటిపేటరు, దారితప్పినవానికి త్రోవచూపకుండుటకంటె ఇది నీచమనెను. తెలిసి తెలిసి పరుని తప్పుదారి పట్టించుట గదా! సిసిరో శిష్యునిపక్షమే వహించెను. గురువుగారి వాదమును చదువునపుడు నాకు ఆశ్చర్యము కలుగలేదు. ఆ వాదమును నేను పూర్వమే ఎఱుగుదును, నేనే చేసితిని.

1998లో నా స్కూటరు నమ్మితిని. అంతకు పూర్వము ఒక బండిని గుద్దుకొనగా దాని ముందు దండము వంగినది. మెకానిక్కు కాచి సాపుచేసెను. అమ్ముటకు ముందు నేను దానికి రంగు వేయించితిని. కొన్న యువకుడు క్రొత్తగ ఉద్యోగమున చేరినవాడు. బండి చుట్టు రెండుమాఱులు తిరిగి, “బాగా ఉంచుకున్నారండీ” అని మెచ్చుకొనెను. నేను చిఱునవ్వు నవ్వితిని. అతడు అడుగలేదు, నేను చెప్పలేదు, ధర కుదిరినది, అందఱము సంతోషించితిమి అని చాలకాలము నాకు నేను చెప్పుకొంటిని. ఆ రంగుడబ్బా నేనే కొని తెచ్చితినను సంగతిని మాత్రము ఆ కథలో చేర్చుకొనలేదు. ఆ యువకుడు పిమ్మట నాకెన్నడును కనబడలేదు. అతనికి ఏ కీడును కలిగియుండకపోవచ్చును. కీడు కలుగకపోవుట నా పుణ్యము కాదు.

ఇక దుకాణపు కుఱ్ఱవానిని మాత్రమే దోషినిచేసి చేతులు కడుగుకొందమా? మొదట అతడు నాలుగు చక్రములకు ధర చెప్పినపుడు దానిలో సగమునకు దించుటకు నేను ఎంత పట్టుపట్టితినో జ్ఞప్తికి వచ్చి సిగ్గు కలిగినది. పాతపూతను శుభ్రముగ తీసి, పగుళ్లను వెదకి, తగిన వేడిలో కాల్చుటకు పట్టు కాలమునకు మనము కూలి నిచ్చుట లేదు, మెఱుపునకే యిచ్చుచున్నాము. మెఱుపునే కొనువారికి మెఱుపే దొరకును. ఆ దుకాణపు వెనుకప్రక్క, పదునెనిమిదేండ్లు దాటెనో లేదో యనిపించు పిల్లవాడొకడు ముక్కునకు చేతిరుమాలు మాత్రము కట్టుకొని చక్రములకు రంగు చిమ్ముచుండెను. పాతపూతను ఊడదీయుటకు వాడు ద్రవములలో కొన్నింట మిథిలీను క్లోరైడు అను పదార్థముండును. మూసిన గదిలో దాని ఆవిరిని పీల్చి మనుష్యులు చనిపోయిరి. అమెరికాలో రంగు ఊడదీయు ద్రవములలో దీనిని గృహస్థుల కమ్ముటను 2019లో నిషేధించి, 2024లో పరిశ్రమలలోని వాడుకలను కూడ చాలవఱకు మాన్పించిరి. రాపిడితో పూత తీయుట, పొడిపూత వేయుట ఇంతకంటె మేలు. పొడిలో ఆవిరియగు ద్రావకము లేదు. అయినను ధూళి ధూళియే, దానికిని ముసుగు కావలెను. మా యింట పొడిపూతనే యెన్నుకొనుటకు ఇదియు ఒక కారణమైనది. ముఖ్యకారణము వేఱు. పొడిపూతకు ముందు చక్రము ఒక్కసారి పూర్తిగ నగ్నముగ నిలువవలెను. పాతరంగు, పాతలప్పము, పాతమఱుగులు ఏవియు దానిపై నుండవు. చూడదలచినవానికి చూచుటకు అదే సమయము.

చూచువానికొఱకు వెదకి వెదకి ఊరిచివర ఒక ముసలి మేస్త్రీని పట్టితిని. అతడు ధర తగ్గింపలేదు, నేనును అడుగలేదు. పూత తీసిన నాలుగు చక్రములను బల్లపై వరుసగ పెట్టి మూడు డబ్బాలు తెచ్చెను. ఒకటి జిడ్డు తుడుచునది, రెండవది ఎఱ్ఱని ద్రవము, మూడవది తెల్లని పొడి. ఎఱ్ఱనిదానిని చక్రమంతయు చిమ్మి, కొంతసేపు నాననిచ్చి, గుడ్డతో మచ్చలేకుండ తుడిచివేసెను. లోహము మామూలుగనే కనబడినది. పిమ్మట తెల్లని పొడిని చల్లెను. చక్రము సున్నము కొట్టిన గోడవలె నైనది. మేము నిలుచుండి చూచుచుండగనే ఆ తెలుపులో సన్నని ఎఱ్ఱగీత యొకటి పొటమరించి మెల్లమెల్లగ సాగినది. నా గోటికి తగిలినది అంగుళమంత. గీత నిలిచినపుడు మూడంగుళములకు మించియుండెను. పగులులో దూరిన ఎఱుపును తెల్లపొడి వెలికి పీల్చుననియు, పగులెంతయో గీత యంతయనియు మేస్త్రీ చెప్పెను. మిగిలిన మూడు చక్రములును తెల్లగనే నిలిచినవి.

“ఈ మూడిటికీ పూత పోస్తానండి. దీన్ని పొయ్యిలో పెట్టను” అని మాత్రమనెను.

ఇంటికి వచ్చి చెప్పగా నా భార్య, “అంత మంచి లోహం పారేయడమేనా అండీ? అతికించి స్టెప్నీగానన్నా ఉంచరాదూ?” అని అడిగినది. పొదుపు తెలిసిన యిల్లాలి ప్రశ్న, తోసివేయదగినది కాదు. ఖనిజమునుండి కిలో అల్యూమినియమును తీయుటకు పదునాలుగు యూనిట్లవఱకు విద్యుచ్ఛక్తి పట్టును. మా చక్రము బరువు ఎనిమిది కిలోలు. అనగా నూఱు యూనిట్లకు పైమాట. ఆ ఖనిజముకొఱకు కొండలనే త్రవ్వుచున్నారు. మన విశాఖమన్యమునకు ఆవల, కోరాపుట్టు జిల్లాలోని పంచపట్మాలి కొండ యట్టిదే. ఇంత ఖర్చుతో పుట్టినదానిని వ్యర్థము చేయుట పాపమే. కాని కరగించి మరల పోయుటకు ఆ శక్తిలో ఇరువదియవవంతు చాలును. ఇనుముకొట్టువానికిచ్చినచో లోహము చావదు, చక్రము మాత్రము చచ్చును. మేము కాపాడవలసినది లోహమునుగాని ఆ పగిలిన రూపమును కాదు. ఇక స్టెప్నీ మాట: అదనపు చక్రము నడిరాత్రి, నడిదారిలో, మఱియొకటి చెడినపుడే కదా తొడుగుదురు. అపాయమున ఆదుకొనవలసినదే అపాయమైనదిగ నుండవచ్చునా? ఆమె కొంచెముసేపు ఊరకుండి, “అయితే అది ఇంకొకరి చేతిలో పడకుండా చూడండి” అనినది. నాకు తోచని సంగతి ఆమెకు తోచినది. పాత సామానులవారివద్దనుండి పగిలిన చక్రములను కొని, అతికి, మెఱుగుపెట్టి మరల అమ్మువారు లేకపోలేదు. మా యింటనుండి నిజాయితీగ వెడలిన పగులు రెండువీథుల ఆవల మెఱుగుపూతతో తిరిగి పుట్టవచ్చును.

మఱునాడు మేస్త్రీతో ఆ మాట చెప్పితిని. అతడు చక్రమును గోడకానించి, కోతయంత్రముతో అంచునుండి నాభివఱకు రెండుచోట్ల కోసి, రెండు ముక్కలుగ నా కారులో పడవేసెను. కూలి ఎంతయని అడుగగా చేయి ఊపెను.

మూడు చక్రములు బూడిదవన్నె పొడిపూతతో వచ్చినవి. నాలుగవది అదే కంపెనీది క్రొత్తది కొంటిమి. దాని వెండిరంగు తక్కిన మూడింటితో కలియలేదు. మా చిన్నవాడు దానికిని పూత వేయించి కలుపుదమనెను. క్రొత్తపూతను చెఱిపి మరల కాల్చుటకు నాకు మనసొప్పలేదు. పైగా ఆ తేడాను కప్పుటకు కారణమును కనబడలేదు.

కారును చూచుటకు ప్రభుత్వాసుపత్రిలో పనిచేయు ఒక నర్సు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చినది. రాత్రి డ్యూటీలకు పొరుగూరినుండి తానే నడుపుకొని వచ్చుటకు కారు కావలెనట. తండ్రి కారు చుట్టు తిరిగి, ముందుచక్రమువద్ద నిలిచి, “ఇదొక్కటీ వేరుగా ఉందేమిటండీ?” అని అడిగెను. గోతిదెబ్బ మొదలు కోతయంత్రమువఱకు అంతయు చెప్పితిని. ఆయన సాంతము విని, కారునకు దెబ్బ తగిలినదను కారణమున ధరలో ఆఱువేలు తగ్గింపుమనెను. నేను వాదించితిని, నాలుగువేలకు కుదిరినది. తండ్రి బేరమాడుచున్నంతసేపు ఆమె ఏమియు మాటాడలేదు. అంతయు ముగిసిన పిమ్మట, “మిగతా మూడూ పరీక్ష చేసినట్టు ఫోటోలేమన్నా ఉన్నాయాండీ?” అని అడిగినది. ఫోనులో తీసినవి చూపితిని. ఒక్కొక్కదానిని వ్రేళ్లతో పెద్దవి చేసి, అంచు చుట్టును నిదానముగ చూచి, మేస్త్రీ యుండు చోటు వ్రాసికొని పోయినది.